దెబ్బ కావాలా, తాళం కావాలా? ప్యూర్ డేటా, మ్యాక్స్, టచ్‌డిజైనర్‌లలో బీట్ డిటెక్షన్ ఎంచుకోవడం

ఒక కూచిపూడి రిహార్సల్‌లో నాకు అప్పజెప్పిన పని చూడ్డానికి చిన్నదే. ఆవర్తనం (తాళం ఒక పూర్తి చుట్టు) మొదలైన ప్రతిసారీ వెనక తెర మీద ఒక దీపం వెలగాలి. ప్యూర్ డేటాలో బీట్ కోసం వెతికితే మొదట దొరికిన ఆబ్జెక్ట్‌ను (ఒక్కో పని చేసే డబ్బాను) పెట్టి, మృదంగం మైకు కలిపాను. జతి మొదలవగానే దీపం ఆవర్తనానికి ఒకసారి కాదు, మృదంగం మీద పడ్డ ప్రతి దెబ్బకీ వెలిగింది. జతిని ముగించే తీర్మానం వచ్చేసరికి తెర రెపరెపలాడిపోయింది. ఆ ఆబ్జెక్ట్ తన పని సరిగ్గానే చేసింది. దెబ్బలు పట్టే సాధనాన్ని తెచ్చి తాళం వేయమని అడిగింది నేను.

అందుకే ఇప్పుడు ఎవరైనా "ఏ బీట్ లైబ్రరీ మంచిది?" అంటే నేను ఎదురు అడిగే మొదటి మాట ఇదే: మీకు దెబ్బ కావాలా, తాళం కావాలా? దీనికి జవాబు దొరికితే సగం ఎంపిక అయిపోయినట్టే. డబ్బాలను తీగలతో కలుపుతూ ప్రోగ్రామ్ రాసే ప్యూర్ డేటా, మ్యాక్స్, టచ్‌డిజైనర్‌లలో అందుబాటులో ఉన్న దారులను ఒక్కొక్కటిగా చూద్దాం.

## ముందు తేల్చుకోవాల్సినవి

దెబ్బా, తాళమా. ధ్వనిలో హఠాత్తుగా వచ్చే మార్పును పట్టుకోవడాన్ని ఆన్‌సెట్ డిటెక్షన్ అంటారు. డప్పు మీద పుల్ల పడినా, వీణ తీగ మీటినా, చప్పట్లు కొట్టినా సరే, ఆ సాధనం వెంటనే ఒక "బ్యాంగ్" (ఇప్పుడే జరిగిందనే సంకేతం) పంపుతుంది. బీట్ ట్రాకింగ్ వేరు. అది కొన్ని సెకన్ల సంగీతం విని, దెబ్బలు ఎంత ఎడంతో తిరిగి వస్తున్నాయో లెక్కగట్టి, తర్వాతి తాళం ఎప్పుడు పడాలో ముందే ఊహిస్తుంది. ఆ క్షణంలో వాద్యం మౌనంగా ఉన్నా తాళం వేస్తూనే ఉంటుంది. కచేరీలో ముందు వరసలో కూర్చుని తొడ మీద తాళం వేసే శ్రోత చేసేది సరిగ్గా ఇదే.

ఈ రెండింటి మధ్య లాభనష్టాలు కూడా ఇక్కడి నుంచే పుడతాయి. దెబ్బ పట్టే సాధనం ఎప్పుడూ కాస్త ఆలస్యంగా చెబుతుంది, కానీ జరిగిందే చెబుతుంది. తాళం వేసే సాధనం సమయానికి చెబుతుంది, కానీ అది ఊహ. పాట నడక మారితే కొన్ని సెకన్లపాటు పాత తాళమే వేస్తూ పోతుంది.

ఆలస్యం. సెకనుకు 44,100 శాంపిల్స్ (ధ్వని కొలతలు) లెక్కన 512 శాంపిల్స్ అంటే 11.6 మిల్లీసెకన్లు, 1024 అంటే 23.2. లైబ్రరీ విశ్లేషణకు తీసుకునే ముక్క పొడవు, సౌండ్ కార్డ్ బఫర్, ఆ తర్వాత ప్రొజెక్టర్ లేదా ఎల్ఈడీ గోడ తీసుకునే సమయం, ఇవన్నీ కూడుకుంటూ పోతాయి. దెబ్బకు బదులుగా మరో శబ్దం పలికించాలంటే 10 మిల్లీసెకన్లు కూడా చెవికి తెలుస్తాయి. వెలుగు కోసం అయితే నా కంటికి 40 దాకా ఇబ్బంది ఉండదు. అంతకు మించితే డ్యాన్సర్లు ముందుగా కనిపెట్టేస్తారు.

కాలం. తాళం వేసే సాధనాలన్నిటికీ ఉన్న జబ్బు ఒకటే. పాట మొదటి కాలంలో నడుస్తుంటే అవి రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంతో, తాళం వేస్తాయి, లేదా దానికి తిరగబడి సగానికి తగ్గిస్తాయి. లెక్క తప్పదు, కాలం తప్పుతుంది. ఏ లైబ్రరీ ఏ వేగాల మధ్య వెతుకుతుందో తెలుసుకోకుండా దాన్ని ఎంచుకోకండి.

ధ్వని వచ్చే దారి. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, కానీ ఫలితాన్ని అన్నిటికంటే ఎక్కువగా మార్చేది ఇదే. హాలు మధ్యలో పెట్టిన ల్యాప్‌టాప్ మైకుకు ఎంత గొప్ప లైబ్రరీ తగిలించినా లాభం లేదు. గోడల ప్రతిధ్వని, జనం చప్పట్లు, స్పీకర్ల నుంచి తిరిగొచ్చే శబ్దం అన్నీ కలిసి దెబ్బ అంచును మింగేస్తాయి. వాద్యానికి అతికించే కాంటాక్ట్ మైకు, చిన్న పియెజో బిళ్ల అయినా సరే, ఒకటి పెట్టి చూడండి. లేదా మిక్సర్ దగ్గర కూర్చునే సౌండ్ ఆయన్ని అడిగి ఆ ఒక్క వాద్యం ఛానెల్‌ను వేరుగా తీసుకోండి. లైబ్రరీ మార్చితే వచ్చే మెరుగు కంటే దీనివల్ల వచ్చే మెరుగు ఎక్కువ.

ఇన్‌స్టలేషన్ సులువు, లైసెన్స్, ఖర్చు కూడా చూడాలి. వాటిని ఒక్కోదాని దగ్గర చెబుతాను.

## బాంక్~ : ప్యూర్ డేటాతోపాటే వచ్చేది

పేరు చివర ఉన్న ~ గుర్తు ఆ ఆబ్జెక్ట్ ధ్వనితో పనిచేస్తుందని చెబుతుంది. బాంక్ అంటే ఇంగ్లీష్ అక్షరాల్లో బి-ఓ-ఎన్-కె. ప్యూర్ డేటాను రూపొందించిన మిల్లర్ పకెట్, టెడ్ ఏపెల్, డేవిడ్ జికరెల్లి కలిసి 1998లో దీన్ని పరిచయం చేశారు. ప్యూర్ డేటా దింపుకుంటే ఇది లోపలే ఉంటుంది, విడిగా ఏమీ ఎక్కించాల్సిన పని లేదు. లైసెన్స్ కూడా బీఎస్‌డీ తరహాది కాబట్టి ఎక్కడైనా వాడుకోవచ్చు.

ఇది దెబ్బ పట్టేది, తాళం వేయదు. వచ్చే ధ్వనిని 11 ఫిల్టర్లుగా విడదీసి, ఏ పట్టీలో శక్తి ఎంత పెరిగిందో చూస్తుంది. విశ్లేషణ ముక్క 256 శాంపిల్స్, ప్రతి 128 శాంపిల్స్‌కు ఒకసారి లెక్క. అంటే దాదాపు 3 మిల్లీసెకన్లకొకసారి చూస్తోంది. తాళవాద్యాలకు నా మొదటి ఎంపిక ఇదే.

దీన్ని సరిచేసుకోవడానికి ముఖ్యమైనవి రెండు అంకెలు: కింది హద్దు 2.5, పై హద్దు 5. పెరుగుదల పై హద్దు దాటితే దెబ్బ మొదలైనట్టు, కింది హద్దుకు దిగితే ఆ దెబ్బ ఖాయమైనట్టు. అనవసరంగా మోగుతుంటే పై హద్దును మెల్లగా పెంచండి. చిన్న దెబ్బలు జారిపోతుంటే తగ్గించండి. కనీస బలం (మామూలుగా 7) అని మరో అంకె ఉంది. వేదిక మీద అడుగుల చప్పుడు దెబ్బగా లెక్కకు వస్తుంటే ముందు దాన్నే పెంచి చూడండి.

బాంక్~లో నాకు అన్నిటికంటే నచ్చేది దాని నేర్చుకునే గుణం. "లెర్న్ 10" అని సందేశం పంపి ఒక్కో రకం దెబ్బను పదేసి సార్లు వినిపిస్తే, తర్వాత ఏ దెబ్బ పడిందో నంబరుతో చెబుతుంది. మృదంగంలో తొప్పి (ఎడమ పక్క) మీద పడ్డదానికి ఒక రంగు, కుడి పక్క పడ్డదానికి ఒక రంగు ఇవ్వొచ్చు. నేర్చుకున్నదాన్ని ఫైల్‌గా దాచి మళ్లీ తెరుచుకోవచ్చు.

డప్పుకు మాత్రం ఒక జాగ్రత్త. డప్పును మంట దగ్గర కాచి తోలు బిగిస్తారు. వాయిస్తూ పోతే చల్లబడి వదులవుతుంది, దాంతో పలుకు మారుతుంది. మధ్యాహ్నం నేర్పిన నమూనాలు రాత్రికి సరిపోవు. కాచిన ప్రతిసారీ కొత్తగా నేర్పించడానికి రెండు నిమిషాలు కేటాయించమని బృందాన్ని ముందే అడగండి. వాళ్లకు అది వింతగా ఏమీ అనిపించదు, వాయిద్యాన్ని సరిచూసుకునే అలవాటు వాళ్లకు ఉన్నదే.

బాంక్~ తేలిపోయేది రాగ ప్రధానమైన ధ్వని దగ్గర. వేణువు, వయొలిన్, గాత్రం: వీటిలో స్వరం మారినా దెబ్బలాంటి అంచు ఉండదు. అక్కడ ఇది మౌనంగా కూర్చుంటుంది, లేదా గమకం ఊగినప్పుడల్లా తప్పుగా మోగుతుంది.

## ఆబియో: రెండూ ఇచ్చేది

పాల్ బ్రోసియే రాసిన సీ భాషా లైబ్రరీ ఆబియో. క్వీన్ మేరీ యూనివర్సిటీ ఆఫ్ లండన్‌లో ఆయన చేసిన పీహెచ్‌డీ పనితో పెరిగింది. లైసెన్స్ జీపీఎల్ మూడో వెర్షన్. అంటే దీన్ని కలిపి మూసిపెట్టిన ఉత్పత్తిగా అమ్మాలనుకుంటే కుదరదు. ప్రదర్శనకు, పాఠానికి, సొంత వాడకానికి ఏ అడ్డూ లేదు.

ప్యూర్ డేటాలో దెబ్బ కోసం ఆబియోఆన్‌సెట్~, తాళం కోసం ఆబియోటెంపో~ ఉంటాయి. దెబ్బ పట్టడానికి పలు పద్ధతులు ఇస్తుంది, ఎంపిక అక్కడే ఆసక్తికరంగా మారుతుంది. హెచ్ఎఫ్‌సీ అనే పద్ధతి పై పౌనఃపున్యాల్లోని శక్తిని ఎక్కువగా లెక్కేస్తుంది. నట్టువాంగంలో గురువు వాయించే చేతి తాళాలు, గజ్జెలు, డప్పు మీద సిటికెన పుల్ల చేసే పదునైన చప్పుడు దీనికి బాగా దొరుకుతాయి. కాంప్లెక్స్ అనే పద్ధతి శక్తితోపాటు ఫేజ్‌ను (తరంగం ఏ దశలో ఉందో) కూడా చూస్తుంది కాబట్టి మీటిన వీణకు, గిటారుకు మేలు. సాదా ఎనర్జీ పద్ధతి డోలు లాంటి ఒంటరి వాద్యానికి సరిపోతుంది గానీ నాలుగు వాద్యాలు కలిస్తే తడబడుతుంది.

తాళం వైపు చూస్తే, ఇది దాదాపు 6 సెకన్ల ధ్వనిని జ్ఞాపకంలో ఉంచుకుని, దాదాపు ఒకటిన్నర సెకనుకు ఒకసారి వేగాన్ని కొత్తగా లెక్కిస్తుంది. స్థిరంగా నడిచే పాటకు ఇది చాలు. వేగం మెట్లుమెట్లుగా పెరిగే జానపదానికి మాత్రం చాలదు. నడక పెరిగిన సంగతి దీనికి తెలిసేలోగా బృందం ఇంకో మెట్టు ఎక్కేసి ఉంటుంది.

ఎక్కించుకోవడం: ప్యూర్ డేటా 0.47 నుంచి డెకెన్ అనే ప్యాకేజీ వెతికే కిటికీ లోపలే ఉంది. మెనూలో "ఫైండ్ ఎక్స్‌టర్నల్స్" తెరిచి పేరు కొట్టండి. దించిన తర్వాత ప్యాచ్‌లో (డబ్బాలు కలిపి కట్టిన ప్రోగ్రామ్‌లో) డిక్లేర్ ఆబ్జెక్ట్‌తో ఆ ఫోల్డర్ దారి చెప్పాలి. ఇది మర్చిపోయి, డబ్బా చుట్టూ చుక్కల గీత వచ్చిందని గంటలు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది. కన్సోల్‌లో "కుడన్ట్ క్రియేట్" అని కనిపిస్తే మూడు సంగతులు వరసగా చూడండి: దారి చెప్పారా, దించింది మీ ప్రాసెసర్ రకానికి సరిపోయేదేనా (కొత్త మ్యాక్‌ల ఆపిల్ చిప్ కోసం కట్టిన ప్యూర్ డేటాలో ఇంటెల్ కోసం కట్టినవి తెరుచుకోవు), మ్యాక్ అయితే భద్రతా సెట్టింగ్ ఆ ఫైల్‌ను ఆపిందా.

## ఫ్లుకోమా: ఓపికగా సరిచేసుకునేవారికి

ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్ యూనివర్సిటీలో యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ నిధులతో తయారైన సాధనాల పెట్టె ఇది. మ్యాక్స్, ప్యూర్ డేటా, సూపర్‌కొలైడర్ మూడింటికీ ఒకే రకంగా దొరుకుతుంది, లైసెన్స్ బీఎస్‌డీ. మ్యాక్స్‌లో ప్యాకేజీ మేనేజర్ నుంచి ఒక్క నొక్కుతో వస్తుంది.

ఇదీ దెబ్బ పట్టేదే, తాళం వేయదు. కాకపోతే దెబ్బను నాలుగు రకాలుగా చూడనిస్తుంది: ధ్వని బలాన్ని బట్టి, స్పెక్ట్రమ్ (పౌనఃపున్యాల కూర్పు) మార్పును బట్టి, క్షణకాలపు చిటుకును బట్టి, స్వభావంలో వచ్చిన కొత్తదనాన్ని బట్టి. చివరిది నాకు ప్రత్యేకంగా నచ్చింది. గాత్రం ఆగి వయొలిన్ అందుకున్న చోటు, పల్లవి నుంచి చరణానికి మారిన చోటు లాంటివాటిని అది పట్టగలదు. అక్కడ తెర మీద రంగులు మారితే చూసేవాళ్లకు సంగీతం విన్నట్టే ఉంటుంది. దీనికి ముక్క పొడవు పెంచాలి, పెంచితే ఆలస్యం కూడా పెరుగుతుంది. రంగు మెల్లగా మారే చోట అది ఎవరికీ తెలియదు.

సహాయ ప్యాచ్‌లు శ్రద్ధగా రాశారు. నేర్చుకోవడానికి కూర్చునే విద్యార్థికి నేను ముందుగా ఇచ్చేది ఇదే. రేపు సాయంత్రం ప్రదర్శన ఉన్నవారికి ఇవ్వను. తిప్పాల్సిన మీటలు మరీ ఎక్కువ.

## బీ-ట్రాక్~ : మ్యాక్స్‌లో తాళం వేసేది

ఆడమ్ స్టార్క్ రాసిన బీ-ట్రాక్ అసలు సిసలైన తాళం సాధనం. రాబోయే ధ్వనిని చూడకుండా, అప్పటిదాకా విన్నదాన్ని బట్టే తర్వాతి తాళాన్ని ఊహిస్తుంది కాబట్టి ప్రత్యక్ష ప్రదర్శనకు పనికొస్తుంది. మ్యాక్స్ ఎక్స్‌టర్నల్‌గా (బయటి నుంచి చేర్చుకునే ఆబ్జెక్ట్‌గా) దొరుకుతుంది. ఫైల్‌ను మ్యాక్స్ వెతికే ఫోల్డర్‌లో పెడితే చాలు. లైసెన్స్ జీపీఎల్ మూడు.

మ్యాక్స్ డబ్బు పెట్టి కొనాల్సిన సాఫ్ట్‌వేర్. కొనకముందు ప్యాచ్‌లు నడిపి చూడొచ్చు, దాచుకోవడం మాత్రం ట్రయల్ తర్వాత కుదరదు. బీ-ట్రాక్~ మీకు సరిపోతుందో లేదో తేల్చుకోవడానికి ఆ ట్రయల్ సమయం చాలు.

దీని గురించి తప్పక తెలుసుకోవాల్సింది: ఇది నిమిషానికి 80 నుంచి 160 తాళాల మధ్యే ఆలోచిస్తుంది. సినిమా పాటకు, క్లబ్ సంగీతానికి, తీన్మార్‌కు ఇది మంచి హద్దే. ఒకసారి పట్టుకుంటే గట్టిగా పట్టుకుంటుంది, డ్రమ్స్ రెండు మూడు సెకన్లు ఆగినా వదలదు. నెమ్మదైన చౌక కాలంలో నడిచే కీర్తనకు అదే ఇబ్బంది. అక్షరాలు నిమిషానికి 50 పడుతుంటే ఇది 100 అంటుంది. అది తప్పు కాదు, రెండో కాలం. ప్యాచ్‌లో రెండింటికి ఒక బ్యాంగ్ వదిలే లెక్క పెట్టుకుంటే సరిపోతుంది, కానీ ఆ రెండింటిలో ఏది అసలుదో మీరే చెప్పాలి.

చాపు తాళాల దగ్గర చిక్కు ముదురుతుంది. మిశ్ర చాపు 3, 2, 2గా విరుగుతుంది. చేత్తో వేసే దెబ్బల మధ్య ఎడం సమానంగా ఉండదు. తాళాలన్నీ సమాన దూరంలో ఉంటాయన్నది ఈ సాధనాలకు పునాది. కాబట్టి అది చేతి దెబ్బలను పట్టదు, లోపల నడిచే ఏడు మాత్రల నడకను పట్టుకుంటుంది. ఆ నడక నిమిషానికి 240 ఉందనుకోండి, సాధనం దాన్ని సగానికి దించి 120 అంటుంది. ఏడు బేసి సంఖ్య, సగం చేస్తే ఆవర్తనంలో ఇమడదు. దాంతో సాధనం వేసే తాళం ఒక ఆవర్తనం సమం (ఆవర్తనం మొదటి దెబ్బ) మీద పడుతుంది, తర్వాతి ఆవర్తనం సమాన్ని దాటేస్తుంది, మళ్లీ పద్నాలుగో మాత్రకు గానీ కలవదు. నేను మొదట దీన్ని లైబ్రరీ తప్పు అనుకుని రెండు రోజులు సెట్టింగులు తిప్పాను. కాగితం మీద ఏడు గీతలు గీసి చూశాకే అర్థమైంది.

చాపు తాళాలకు నేను స్థిరపడిన దారి వేరు. సాధనం దగ్గర వేగం మాత్రం తీసుకుని, మాత్రల లెక్క ప్యాచ్‌లోనే పెట్టి, సమాన్ని చూపించడానికి ఒక కాలి పెడల్ కలుపుతాను. తాళం తెలిసిన మనిషి రెండు ఆవర్తనాలకోసారి నొక్కితే చాలు. మామూలు పాటలకైతే వేగాన్ని ముందే చెప్పి బిగించే వీలు కూడా బీ-ట్రాక్‌లో ఉంది. రిహార్సల్‌లో వేగం తెలిసిపోతే దాన్ని వాడుకోండి. శాంపిల్ రేటు మాత్రం 44,100 దగ్గరే ఉంచండి, దాని లోపలి లెక్కలు ఆ అంకె మీదే కట్టారు.

## టచ్‌డిజైనర్: బొమ్మే ముఖ్యమైనవారికి

ఇందులో కొత్తవాళ్లంతా ముందు "బీట్" అనే చాప్‌ను (ఛానెళ్ల అంకెలతో పనిచేసే డబ్బాను) తెచ్చి పెడతారు. అది ధ్వనిని వినదు. మీరు చెప్పిన వేగానికి తాళం వేస్తుంది, అంతే. వినేది కావాలంటే ప్యాలెట్‌లోంచి ఆడియో అనాలిసిస్ అనే కాంపొనెంట్‌ను లాగి, ఆడియో డివైస్ ఇన్‌కు కలపాలి. కింది, మధ్య, పై శ్రుతుల బలాన్ని, కిక్, స్నేర్ దెబ్బలను విడివిడి ఛానెళ్లుగా ఇస్తుంది. హద్దులు సరిచేసుకోవడానికి మీటలు కళ్ల ముందే ఉంటాయి. పది నిమిషాల్లో బొమ్మ కదులుతుంది.

కిక్, స్నేర్ అన్న పేర్లలోనే దాని పరిమితి తెలుస్తుంది. పాశ్చాత్య డ్రమ్ సెట్‌ను మనసులో పెట్టుకుని కట్టిన విభజన అది. డీజే సంగీతానికి చక్కగా కుదురుతుంది. మృదంగంలో తొప్పి కిక్‌గా దొరకొచ్చు, కుడి పక్క దెబ్బలు మాత్రం స్నేర్ అంటే ఏమిటో ఎరగవు. అక్కడ మీకు కావాల్సిన పట్టీని ఫిల్టర్‌తో మీరే కోసుకోవాలి. ఇంకొకటి, టచ్‌డిజైనర్ ఫ్రేముల లెక్కన ఆలోచిస్తుంది. సెకనుకు 60 ఫ్రేములంటే దెబ్బ ఎప్పుడు పడినా మీకు తెలిసేది 16.7 మిల్లీసెకన్ల మెట్ల మీదే. బొమ్మకు ఇది సరిపోతుంది, ధ్వని పుట్టించడానికి చాలదు. ఉచిత వెర్షన్‌లో బొమ్మ 1280 పిక్సెళ్లకు మించదు. పెద్ద ఎల్ఈడీ గోడ ఉన్నవారు దీన్ని ముందే చూసుకోవాలి.

## పక్కన పైథాన్ నడపడం

మ్యాడ్‌మమ్, బీట్‌నెట్ లాంటివి న్యూరల్ నెట్‌వర్క్‌లతో తాళం పట్టుకుంటాయి. రోచెస్టర్ యూనివర్సిటీ పరిశోధకులు 2021లో తెచ్చిన బీట్‌నెట్ తాళంతోపాటు ఆవర్తనం ఎత్తుగడను కూడా ప్రత్యక్షంగా ఊహించడానికి ప్రయత్నిస్తుంది. ఇవి విడిగా పైథాన్‌లో నడుస్తాయి, ఫలితాన్ని ఓఎస్‌సీ (ప్రోగ్రామ్‌ల మధ్య నెట్‌వర్క్ మీద నడిచే) సందేశాలుగా మీ ప్యాచ్‌కు పంపాలి. ప్యూర్ డేటాలో 0.46 నుంచి నెట్‌రిసీవ్, ఓఎస్‌సీపార్స్ ఆబ్జెక్ట్‌లతోనే వీటిని అందుకోవచ్చు, విడిగా ఏదీ అక్కర్లేదు.

వాయిద్యాలన్నీ కలిసిన సినిమా పాటలో ఇవి పాత పద్ధతుల కంటే బాగా తాళం పట్టుకుంటాయి. కానీ ఎక్కించడం అలసట. మ్యాడ్‌మమ్ పాత విడుదల కొత్త పైథాన్ వెర్షన్ల మీద తెరుచుకోదు, మూలం నుంచి నేరుగా ఎక్కించాలి. దానితో వచ్చే శిక్షణ ఇచ్చిన మోడళ్లను వ్యాపారానికి వాడకూడదన్న షరతు ఉంది. డబ్బు తీసుకుని చేసే కార్యక్రమాలవాళ్లు ఇది గమనించాలి. ఇవి నేర్చుకున్నది ఎక్కువగా పాశ్చాత్య సంగీతం నుంచి కాబట్టి ఆది తాళం దగ్గర ఫర్వాలేదు గానీ ఖండ, మిశ్ర చాపులను అడగకండి. కర్ణాటక సంగీత తాళాల మీద బార్సిలోనాలోని పోంపెవ్ ఫాబ్రా యూనివర్సిటీ కాంప్‌మ్యూజిక్ ప్రాజెక్టులో మంచి పరిశోధన జరిగింది. దాని ఫలం డబ్బాగా లాగి పెట్టుకునేలా ప్యాచ్‌లలోకి రావాలని నేను మనసారా కోరుకుంటున్నాను.

## అసలు పట్టకుండా ఉండటం

వేదిక మీద సంగీతం ల్యాప్‌టాప్ నుంచే వస్తుంటే వేగం ఆ ల్యాప్‌టాప్‌కు ముందే తెలుసు. ఏబుల్టన్ లింక్ ద్వారా అదే నెట్‌వర్క్‌లో ఉన్న మీ ప్యాచ్‌కు వేగం, తాళం రెండూ చేరతాయి. మ్యాక్స్, టచ్‌డిజైనర్‌లలో దీన్ని వాడుకోవచ్చు, ప్యూర్ డేటాకు డెకెన్‌లో ఎక్స్‌టర్నల్ ఉంది. ఊహించే పనే లేదు. క్లిక్ ట్రాక్ వింటూ వాయించే బ్యాండ్ అయితే ఆ క్లిక్‌నే ఒక ఛానెల్‌గా అడిగి తీసుకుని బాంక్~కు ఇవ్వండి.

## పక్కపక్కన పెడితే

| సాధనం | దెబ్బ | తాళం | ఎక్కడ | ఎక్కించడం | బాగా కుదిరేది |
|---|---|---|---|---|---|
| బాంక్~ | అవును | కాదు | ప్యూర్ డేటా | ముందే ఉంది | డప్పు, మృదంగం, డోలు |
| ఆబియో | అవును | అవును | ప్యూర్ డేటా, పైథాన్ | డెకెన్, దారి చెప్పాలి | తాళాలు, గజ్జెలు, వీణ |
| ఫ్లుకోమా | అవును | కాదు | మ్యాక్స్, ప్యూర్ డేటా | సులువు | స్వభావం మారే చోట్లు |
| బీ-ట్రాక్~ | కాదు | అవును | మ్యాక్స్ | ఫైల్ పెట్టాలి | 80–160 మధ్య స్థిరమైన పాట |
| ఆడియో అనాలిసిస్ | అవును | కాదు | టచ్‌డిజైనర్ | ముందే ఉంది | డీజే సంగీతం |
| బీట్‌నెట్, మ్యాడ్‌మమ్ | మ్యాడ్‌మమ్‌లో మాత్రం | అవును | పైథాన్ నుంచి ఓఎస్‌సీ | కష్టం | అన్ని వాద్యాలూ కలిసిన పాట |
| లింక్ | అక్కర్లేదు | ఖచ్చితం | మూడింటిలోనూ | సులువు | ల్యాప్‌టాప్ సంగీతం |

## మీరు ఎవరైతే ఏది

కాలేజీ ఫెస్ట్‌లో డప్పు బృందం వెనక లైట్లు వెలిగించాలంటే బాంక్~, ఒక పియెజో బిళ్ల, ఇంకేమీ వద్దు. ఇద్దరు ముగ్గురు వాయిస్తుంటే ఒక్కరి డప్పుకే అతికించండి. అందరి దెబ్బలూ కలిపి వింటే వెలుగు ఎప్పుడూ ఆరదు.

నృత్యానికి చేస్తుంటే నట్టువాంగం మైకును వేరుగా తీసుకుని ఆబియోలో హెచ్ఎఫ్‌సీ పద్ధతి వాడండి. ఆవర్తనానికి ఒక్కసారి వెలగాల్సిన దీపం గురించి మొదట్లో చెప్పాను కదా, చివరికి అది అలాగే కుదిరింది. చేతి తాళాల దెబ్బలు లెక్కపెట్టి, ఎనిమిదింటికి ఒక బ్యాంగ్ పంపి, దారి తప్పితే సరిచేయడానికి చేతిలో ఒక మీట. ఏ ట్రాకర్ కంటే నట్టువాంగం వేసే గురువుగారి చెయ్యి నమ్మదగినది. ఆ చెయ్యి చేసే శబ్దాన్ని పట్టుకుంటే చాలు, లయను మనం కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు.

సినిమా పాటల బ్యాండ్‌తో వెళ్తుంటే, మ్యాక్స్ ఉంటే బీ-ట్రాక్~, లేకపోతే ఆబియోటెంపో~. పైథాన్ జోలికి ప్రదర్శనకు కనీసం పది రోజుల ముందు అయితేనే వెళ్లండి. కళా ఇన్‌స్టలేషన్ కట్టే విద్యార్థి, గ్యాలరీలో నెలల తరబడి నడవాల్సిన పని ఉన్నవారు బాంక్~ లేదా ఫ్లుకోమాతో ఉండండి. బయటి ముడి తక్కువ ఉన్నదే కంప్యూటర్ మార్చినా, ఓఎస్ నవీకరించినా నిలుస్తుంది.

## ఎంచుకున్నాక కొలవండి

ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి, వాయించే చెయ్యి, తెర రెండూ కనిపించేలా వీడియో తీయండి. చెయ్యి తగిలిన ఫ్రేము నుంచి వెలుగు వచ్చిన ఫ్రేము దాకా లెక్కపెట్టి 4.2తో హెచ్చవేస్తే మీ మొత్తం ఆలస్యం మిల్లీసెకన్లలో వస్తుంది. 20 ఫ్రేములు వచ్చాయంటే 84 మిల్లీసెకన్లు. మొదటిసారి కొలిచినప్పుడు ఎక్కువ భాగం ప్రొజెక్టర్ దగ్గరే పోతోందని తెలియడం మామూలే. దాంట్లో గేమ్ మోడ్ లాంటి సెట్టింగ్ ఉంటే పెట్టి మళ్లీ కొలవండి.

దెబ్బ పట్టే సాధనమైతే ఆ మిగిలిన ఆలస్యాన్ని తగ్గించగలరు గానీ పూర్తిగా తీసేయలేరు. తాళం వేసే సాధనమైతే తీసేయొచ్చు. వేగం 120 అనుకోండి, తాళానికీ తాళానికీ మధ్య 500 మిల్లీసెకన్లు. కొలిచిన ఆలస్యం 84 అయితే, వచ్చిన ప్రతి బ్యాంగ్‌ను 416 మిల్లీసెకన్లు ఆపి వదలండి. వెలుగు తర్వాతి తాళం మీద పడుతుంది.